మూడో ఆకు

ఒక పెద్ద అడవిలో పొద్దు బారెడెక్కింది. ఎండ చురుక్కుమంటోంది. మబ్బు తునక లేదు, ఆకు కదలడం లేదు. రోహిణి కార్తె.

వాన కాలువ గట్టు మీద పందికొక్కు తవిటమ్మ తన ఆఖరి కూతురు ఊకని ఒళ్ళో వేసుకుని కూచుంది. పిల్ల రెండు రోజులుగా వాంతులు చేసుకుంటోంది. కాలువలో ఏదో తియ్యగా పారుతుంటే నాలుక పెట్టి చూసిందట.

తవిటమ్మకి ఐదుగురు పిల్లలు. గింజ, నూక, పొట్టు, చిట్టు, ఊక. మొగుడు కిందటేడు వానల్లో కాలువ దాటబోయి తిరిగి రాలేదు. అప్పట్నించి ఆమెకి మాటలు తగ్గాయి, లెక్కపెట్టడం ఎక్కువయింది. పొద్దున ఒకసారి పిల్లల్ని లెక్కపెడుతుంది. మాపటికి ఇంకోసారి. మధ్యలో ఉరిమితే మూడోసారి.

ఆ కాలువ తాతల కాలంలో తవ్వింది. గుట్ట మీద పడ్డ వాన ఇళ్ళ మీదికి రాకుండా పక్కనించి దింపడానికి. ఎలుగుబంటి జాంబయ్య గారి పెరటి వెనకగా, అడవిపంది వరహాలు బురద స్నానాల శాల వెనకగా వచ్చి, తవిటమ్మ బొరియ ముందునించి సాగి, ఒక రాతి తూములో దూరి, అవతల కప్పల మడుగులో కలుస్తుంది. చెత్తా చెదారం లోపలికి పోకుండా తూము నోటికి వెదురు తడిక కట్టారు. తడిక పక్కనే, పల్లంలో, అడవి సంఘం వారి గుహ. అదే ఆఫీసు.

కాలువలో ఏడాదికి నాలుగు నెలలు వాన నీళ్ళు పారాలి. మిగతా ఎనిమిది నెలలు ఏమీ పారకూడదు. కానీ ఖాళీ కాలువని చూస్తే ఎవరికైనా ఏదో ఒకటి వదలాలనిపిస్తుంది. జాంబయ్య గారు ఇప్పసారా కాచి మడ్డి వదిలేవారు. వరహాలు స్నానాలయ్యాక బురద వదిలేవాడు. మిగతావాళ్ళు వాళ్ళని చూసి వదిలేవారు.

మడుగునించి కప్ప పైడమ్మ ఎగురుకుంటూ వచ్చింది.

"ఒలమ్మ తవిటమ్మా! నా పిల్లలకింకా కాళ్ళయినా రాలేదే. మడుగంతా నురగ. ఊపిరాడక పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నారు. నీ పిల్లకేటైంది?"

తవిటమ్మ ఊకని చూపించింది. తరవాత కాలువని చూపించింది. తరవాత లేచింది.

"పద" అంది.

*

సంఘం గుహలో అధ్యక్షుడు జాంబయ్య గారు వీపు గోడకేసి రుద్దుకుంటున్నారు. కార్యదర్శి ముళ్ళపంది శూలపాణి పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన పక్కన ఎవరూ నిలబడరు. అందుకే కార్యదర్శి పదవి పదేళ్ళుగా ఆయనదే.

"చెప్పు తల్లీ, ఏం కావాలి?" అన్నారు జాంబయ్య గారు.

"కాలువ కంపు కొడుతోంది. పిల్ల తాగి పడిపోయింది. ఆపించండి."

జాంబయ్య గారు ఇంకో మాట వస్తుందేమోనని చూశారు. రాలేదు.

"అంతేనా?"

"అంతే."

"విన్నావా శూలపాణీ! జనం ఎంత అవస్థ పడుతున్నారో! నా కడుపులో తిప్పేస్తోందయ్యా!" అన్నారాయన. ఆ పూట ఆయన కడుపులో రెండు కుండల ఇప్పసారా ఉంది కాబట్టి ఆ మాట నిజమే అయ్యుంటుంది.

అదే సాయంత్రం సభ పెట్టారు. శూలపాణి వీపునించి ఒక ముల్లు పీకి, దానితోనే ఆకు మీద నియమం గీశాడు. పైకి చదివాడు.

"వాన కాలువలోకి వాన నీరు తప్ప వేరేదీ వదలరాదు."

పైడమ్మ తవిటమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంత సులువుగా పనైపోతుందని ఇద్దరూ అనుకోలేదు.

వరహాలు లేచాడు. "మరి మా బురద ఎటు పోవాలండీ? నెత్తినెట్టుకోవాలేటి?"

జాంబయ్య గారు గడ్డం గోక్కున్నారు. "నియమం బాగానే ఉంది. చివర ఏదో వెలితిగా ఉందయ్యా."

"'అనుమతి లేకుండా' అని చేర్చమంటారా?" అన్నాడు శూలపాణి.

"చేర్చు, చేర్చు. ఇప్పుడు నిండుగా ఉంది చూడు!"

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా వరహాలు కొట్టాడు.

"ఆ మాట దేనికి?" అంది తవిటమ్మ.

"ఊరికే తల్లీ" అన్నాడు శూలపాణి. "తలుపన్నాక గడియ ఉండదూ? అలాంటిదే."

"గడియ లోపలుందా, బయటుందా?"

శూలపాణి ముల్లు మొన చెక్కుకుంటున్నాడు. వినపడలేదు.

*

ఆ అడవిలో ఏ ఉత్తరువైనా మోదుగాకు మీదే రాయాలి. అది పెద్దలనాటి ఆచారం. మోదుగలో ఒక కాడకి మూడాకులుంటాయి. ఒక ఆకు అడిగినవాళ్ళకి, రెండో ఆకు ఆఫీసుకి. మూడో ఆకు అందరికీ కనపడే చోట కట్టాలి. దాచిపెట్టింది ఏమీ లేదని తెలియడానికి.

కాలువ అనుమతుల మూడో ఆకు ఎక్కడ పెట్టాలి? సభ పొద్దుగూకే దాకా ఆలోచించింది. కాలువకి సంబంధించిన ఆకు కాబట్టి కాలువకే పెట్టాలన్నారు. ఆఫీసుకి దగ్గరగా ఉండాలన్నారు. అందరూ చూసేది తూము నోటి తడిక. సరే, తడికకి గుచ్చమన్నారు.

మొదటి అనుమతి జాంబయ్య గారిది. "ఇప్పపూలు కడిగిన నీళ్ళు. పూలు పూజకి పనికొస్తాయి కనక ఆ నీళ్ళు తీర్థంతో సమానం."

రెండోది వరహాలుది. "బురదంటే మట్టీ నీళ్ళూ. మట్టి నేలది, నీళ్ళు ఆకాశానివి. అసలు అనుమతే అక్కర్లేదు. పెద్దలంటే గౌరవం కొద్దీ అడుగుతున్నాను."

రాబందు గారు 'మిగిలిపోయినవి' అని మాత్రం రాయించుకున్నారు. ఏం మిగిలాయో ఎవరూ అడగలేదు.

ఏనుగు గారికి అనుమతే అవసరం లేదని తేల్చారు. ఆయన స్నానం చేస్తే తొండంలోంచి నీళ్ళు పైకి లేచి కిందికి పడతాయి. పైనించి కిందికి పడేదాన్ని వాన అనక ఏమంటారు?

పదిహేను రోజుల్లో తడిక మీద నూట నలభై ఆకులయ్యాయి. ఒక్కో ఆకుకి నాలుగు మూలలా నాలుగు ముళ్ళు. పదిహేను రోజుల కిందట ఎవరినీ దగ్గరికి రానివ్వని శూలపాణి ఇప్పుడు మెడ దగ్గర బోడిగా, కొంచెం చలి వేస్తున్నట్టు కనపడుతున్నాడు. అయినా ఆనందంగా ఉన్నాడు. ఒక ఆకు అంచు మీదికి ఇంకో ఆకు అంచు వచ్చేలా, వరస తప్పకుండా, చక్కగా గుచ్చేవాడు. ఆయన తల్లి విస్తళ్ళు కుట్టేది. ఆ చెయ్యి ఈయనకొచ్చింది.

కాలువలో మాత్రం ఇదివరకటికంటే ఎక్కువ పారుతోంది. ఇదివరకు భయపడుతూ వదిలేవారు. ఇప్పుడు అనుమతుంది.

*

తనిఖీకి కొంగ ఏకపాదం గారిని వేశారు. ఆయన వచ్చే ముందురోజు వడ్రంగిపిట్ట చెట్టు చెట్టుకీ టకటకమని దండోరా వేసేది. "రేపు తనిఖీ! హఠాత్తుగా తనిఖీ! అందరూ సిద్ధంగా ఉండండి!"

ఏకపాదం గారు వచ్చి తడిక ముందు ఒంటికాలి మీద నిలబడ్డారు. కళ్ళు మూసుకున్నారు. కాళ్ళకింద నురగ బుసబుసలాడుతోంది.

తవిటమ్మ గట్టు మీదనించి చూస్తోంది. ఎంతసేపు చూసినా ఆయన ఆకుల వైపే ముక్కు తిప్పుతున్నారు.

"నీళ్ళు చూడరా అయ్యా?" అంది.

ఏకపాదం గారు ఒక కన్ను తెరిచారు. "నీళ్ళదేముందమ్మా? ఇవాళ ఉంటాయి, రేపు పోతాయి. ఆకు నిలుస్తుంది. ఇదుగో, ఇప్పమడ్డికి ఆకుంది. బురదకి ఆకుంది. మిగిలిపోయినవాటికి ఆకుంది. కాలువ అద్దంలా ఉంది."

"తడిక మూసుకుపోయింది. వానొస్తే నీరు ఎటు పోతుంది?"

"అది వేరే విభాగం."

"ఏ విభాగం?"

ఏకపాదం గారు కన్ను మూసుకున్నారు. అదే జవాబు.

తవిటమ్మ తడిక వైపు చూసింది. మోదుగాకులో నీళ్ళు పోస్తే కారవు. దొన్నెలో పులుసు పోసుకుని తాగేది అందుకే కదా. గుచ్చింది పనివాడి చెయ్యి. తడిక తడికలా లేదు. అడవంతా కలిసి తూము నోటికి కుట్టిన పెద్ద విస్తరిలా ఉంది.

ఆమె దిగి వెళ్ళి, కింద వరసలో ఎండిపోయిన ఆకొకటి పీకింది. అది చేతిలోంచి జారి కాలువలో పడింది.

ఏకపాదం గారి రెండు కళ్ళూ తెరుచుకున్నాయి.

"ఆగు! కాలువలో ఏం వేశావు?"

"ఎండుటాకు."

"అనుమతుందా?"

కొత్త నియమం కింద నమోదైన మొట్టమొదటి కేసు అది. వానలొచ్చేదాకా అదొక్కటే కూడా. జాంబయ్య గారు సభలో చాలా బాధపడ్డారు. "ఫిర్యాదు చేసినామే ఇలా చేస్తే ఇక మామూలు జనం సంగతేంటి? చట్టం అందరికీ ఒకటే తల్లీ."

శిక్ష ఇరవై మోదుగ కొమ్మలు. ఆఫీసులో ఆకులు తక్కువ పడుతున్నాయి. అందుకని రోజుకో కొమ్మ తెచ్చి ఇవ్వాలి.

తవిటమ్మ తెచ్చింది. తన పళ్ళతో కొరికి, తన వీపు మీద మోసుకొచ్చి ఇచ్చింది. ఆ ఆకులు రాతలతో నిండి, తన బొరియ ఎదురుగానే తడికకి ఎక్కుతుంటే రోజూ చూసింది.

*

ఒకరోజు మధ్యాహ్నం ఏకపాదం గారు తనిఖీ చేస్తూ నిద్రపోతున్నప్పుడు, తవిటమ్మ బొరియ వెనక గోడ తవ్వడం మొదలుపెట్టింది. గుట్ట మీదికి ఒక దారి. దీనికీ అనుమతి కావాలని ఆమెకి తెలుసు. మట్టి ఒక్క రేణువు కాలువలో పడినా రెండో కేసు. అందుకే నోటినిండా మట్టి పెట్టుకుని, దూరంగా తుప్పల్లోకి పోయి ఉమ్మి వచ్చేది. పదకొండు మధ్యాహ్నాలు తవ్వింది.

వరహాలు తుప్పల దగ్గర ఎదురయ్యాడు. "ఏటి వదినా, నోట్లో ఏటున్నాది? పలకవేటి?"

తవిటమ్మ తల ఊపి వెళ్ళిపోయింది. మామూలుగానే పలకదు కాబట్టి ఆయనకి అనుమానం రాలేదు.

పన్నెండో రోజున ఐదుగుర్నీ కూచోబెట్టి చెప్పింది.

"చినుకు పడితే కొత్త దారిన గుట్ట మీదికి. ఒకరి తోక ఒకరు నోట పట్టుకోవాలి. ముందు గింజ. వదలకూడదు."

"నా తోక ఎవరు పట్టుకుంటారమ్మా?" అంది ఊక. అది వరసలో ఆఖరు.

తవిటమ్మ ఊక తోక ఒకసారి నిమిరింది.

*

ఇరవయ్యో కొమ్మ ఇవ్వాల్సిన రోజు పొద్దు వాలుతుండగా తవిటమ్మ సంఘం గుహకి వెళ్ళింది. లోపల సభ జరుగుతోంది. ఆ రోజు చర్చ వానాకాలం ఏర్పాట్ల గురించి.

"వాన కాలువ మన అడవికే గర్వకారణం" అంటున్నారు జాంబయ్య గారు. "మూడువందల పన్నెండు అనుమతులు! ఒకే ఒక్క కేసు! దీన్నిబట్టి కాలువ ఎంత శుభ్రంగా ఉందో లోకానికి తెలుస్తోంది."

బయట వెలుతురు పోయింది. గుట్ట వెనకనించి నల్లగా వచ్చింది మబ్బు. ఉరిమింది.

తవిటమ్మ కొమ్మ కింద పడేసింది. "వానొచ్చింది. తడిక విప్పండి."

"కూర్చో తల్లీ. అదే చర్చిస్తున్నాం."

వాన చినుకుల్లా రాలేదు. కుండలు బోర్లించినట్టు వచ్చింది. గుట్ట మీది నీళ్ళన్నీ కాలువలో దిగాయి. కాలువ వాటిని తాతల కాలంలో చెప్పినట్టే తూము దాకా తెచ్చింది. అక్కడ విస్తరి అడ్డమొచ్చింది.

నీళ్ళు ఒక్క క్షణం ఆగాయి. చదువుతున్నాయా అన్నట్టు. తరవాత వెనక్కి తిరిగాయి.

ముందు ఇప్పమడ్డి వచ్చింది గుహలోకి. దాని వెనక బురద. దాని వెనక మిగిలిపోయినవి. మిగిలిపోయినవేమిటో అప్పుడు సభకి తెలిసింది. అందరూ ముక్కులు మూసుకున్నారు.

"ఇదెవరిది? ఇంత కంపు ఎవరిది?" అని అరిచారు జాంబయ్య గారు, తన మడ్డిలో తనే మోకాళ్ళదాకా నిలబడి.

"అన్నిటికీ అనుమతుందండీ" అన్నాడు శూలపాణి.

"తడిక విప్పండి" అంది తవిటమ్మ.

"ఎలా విప్పుతాం? తడిక విప్పితే ఆకులు పోతాయి. మూడో ఆకు పోతే అనుమతి రద్దయినట్టే. దానికి సభ తీర్మానం కావాలి."

"తీర్మానించండి!" అని అరిచాడు వరహాలు. స్నానాల శాల బురదంతా ఆయన మెడకి చుట్టుకుంటోంది.

"మూడింట రెండువంతుల మంది చేతులెత్తాలి" అన్నాడు శూలపాణి.

చేతులెత్తితే కొట్టుకుపోతారు. అందరూ రాళ్ళు పట్టుకుని వేలాడుతున్నారు. పొద్దున తనిఖీకి వచ్చిన ఏకపాదం గారు తడిక ముందు ఇంకా నిలబడే ఉన్నారు. మూరెడు నీళ్ళొచ్చాయి. ముక్కులోకి ఇప్పమడ్డి పోయింది. ఆయన ఊగారు. జీవితంలో మొదటిసారి రెండో కాలు కింద పెట్టారు.

తవిటమ్మ గుహ గుమ్మంలోంచి ఎదుటి గట్టు చూసింది. తన బొరియ నోరు కనపడలేదు. నీళ్ళు కనపడ్డాయి.

పిల్లలు దారి పట్టారా? చినుకు పడితే అని చెప్పింది. చినుకు ఎక్కడ పడింది?

ఆమె నీళ్ళలోకి దూకింది.

తడిక నాలుగు మూలలా అడ్డతీగతో కట్టి ఉంది. వేలంత లావు తీగ. తవిటమ్మ మునిగి కింది కట్టు పళ్ళతో పట్టింది. ముల్లొకటి భుజంలో దిగింది. రెండోది బుగ్గలో. కొరికింది. పైకొచ్చి ఊపిరి పీల్చుకుంది. మళ్ళీ మునిగింది. రెండో కట్టు కొరికింది.

"ఏయ్! అది దస్తావేజు!" శూలపాణి గొంతు ఎక్కణ్ణించో వినపడింది.

మూడో కట్టు సగం తెగేసరికి మిగతా పని నీళ్ళే చేశాయి. తడిక లేచి, ఒక్కసారి తిరగబడి, మూడువందల పన్నెండు అనుమతులతో సహా తూములోకి దూసుకుపోయింది. ఆ వెంటనే మడ్డి, బురద, కుండలు, చెంబులు, సభ కూచున్న రాతి మీది గడ్డిచాప. అన్నీ వెళ్ళాయి.

తవిటమ్మ ఒక చెట్టు వేరు పట్టుకుని మిగిలింది. నీళ్ళు దిగిపోయాయి.

*

వాన తెరిపిచ్చింది. పడమటి వైపు కాస్త పచ్చటి ఎండ కూడా పడింది. తవిటమ్మ గుట్ట ఎక్కింది. ఎక్కుతూనే అరిచింది. ఎప్పుడూ అరవని గొంతు కదా, ముందు గాలే వచ్చింది.

పైన రాతి కింద ఒకదానికొకటి ఒరుసుకుని ఉన్నారు పిల్లలు. ఇంకా తోకలు నోటపట్టుకునే ఉన్నారు.

గింజ. నూక. పొట్టు. చిట్టు.

చిట్టు వెనక ఏమీ లేదు.

"ఊక?"

చిట్టు నోరు తెరిచింది. "దారిలోకి నీళ్ళొచ్చేశాయమ్మా. నా తోక పట్టుకునే ఉంది. ఆ తరవాత బరువు లేదు." అంతే చెప్పి ఏడవడం మొదలుపెట్టింది.

తవిటమ్మ కిందికి చూసింది. బొరియ నోట్లోంచి నీళ్ళు కాలువలోకి కారుతున్నాయి. కాలువ తూములోకి పోతోంది. తూముకి తడిక లేదు. తడిక తనే తెంపింది.

ఆమె పరుగెత్తింది.

సంఘం గుహ ముందు జనం పోగయ్యారు. బురద కారుతున్న ఒంటితో జాంబయ్య గారు రాయెక్కి నిలబడ్డారు. సభ మళ్ళీ మొదలైంది. నీళ్ళు తీసేసరికి అందరికీ మాటొచ్చింది.

శూలపాణి తవిటమ్మకి అడ్డమొచ్చాడు. వీపంతా నున్నగా ఉంది. ముళ్ళు లేకపోతే ఆయన ఇంత చిన్నవాడా అనిపించేలా ఉన్నాడు.

"ఆగండి తవిటమ్మా. మీ మీద రెండో కేసు. అనుమతి లేకుండా మూడువందల పన్నెండు అనుమతుల్ని కాలువలోకి వదిలారు. ఈ కాలువ చరిత్రలో ఇంత పెద్ద నేరం లేదు."

"నా పిల్ల ఎక్కడ?"

"అది వేరే విభాగం."

తవిటమ్మ ఆయన్ని చూసింది. అంతే. శూలపాణికి అప్పుడు గుర్తొచ్చింది, తన ఒంటి మీద ముల్లు ఒక్కటీ లేదని. మెల్లగా పక్కకి తప్పుకున్నాడు.

మడుగు వైపునించి పైడమ్మ గొంతు వినపడింది.

"తవిటమ్మోయ్! ఒలమ్మ, నీకేటి సెప్పనే! నా పిల్లలకి కాళ్ళొచ్చేశాయే! ఆకులెక్కి గెంతుతున్నారు. అందులో ఒక ఆకు మీద ఒకత్తి ఎంతకీ గెంతదు. చూస్తే అది నాది కాదు!"

పైడమ్మ తలతో నెట్టుకొస్తోంది ఒక మోదుగాకుని. నాలుగంచులూ పైకి ముడుచుకుని దొన్నెలా ఉంది. ఒక్క చుక్క నీళ్ళు లోపలికి రాలేదు. దాని మధ్యలో ఊక, తన తోక తనే నోట పట్టుకుని.

"నా తోక పట్టుకోడానికి ఎవరూ లేరు కదమ్మా, అందుకని" అంది.

తవిటమ్మ పిల్లని ఎత్తుకుంది. కూచుండిపోయింది.

ఏకపాదం గారు ముక్కు సాచి ఆకు మీది రాత చదివారు. "ఇప్పపూలు కడిగిన నీళ్ళు. మూడో ఆకు."

"నాదే!" అన్నారు జాంబయ్య గారు పొంగిపోతూ. "చూశారా? ఏదీ, మన అనుమతుల వల్ల జనానికి మేలు లేదన్నది ఎవరు? ఒక పసిప్రాణాన్ని కాపాడింది నా ఆకు! శూలపాణీ, ఆ ఆకు తీసుకో. భద్రం చెయ్యి. మూడో ఆకుల్లో మిగిలింది అదొక్కటే."

శూలపాణి వంగాడు. ఊక ఆ రాత వైపు చూసింది. ఆ వాసన దానికి బాగా తెలుసు. ఆకు నిండా వాంతి చేసుకుంది.

వరహాలు నవ్వు ఆపుకోలేకపోయాడు. "దానికి అనుమతుందేటండీ?"

ఆ మాటకి సభలో చిన్నవాళ్ళంతా నవ్వారు. పెద్దవాళ్ళు ఆకాశంలోకి చూశారు. అలా చూస్తున్నప్పుడే జాంబయ్య గారికి అసలు దోషి కనపడింది.

"ఇంతకీ ఇదంతా ఎవరు చేశారు? మన కాలువలోకి, ఒక దరఖాస్తు లేకుండా, ఒక ఆకు లేకుండా, కనీసం దండోరా వేయకుండా, ఇన్ని నీళ్ళు వదిలిందెవరు?"

అందరూ ఒప్పుకున్నారు. అప్పటికప్పుడు తీర్మానమైంది. ఇకమీదట వాన కూడా ముందుగా అనుమతి తీసుకోవాలి. తూముకి ఈసారి రెండు తడికలు కట్టాలి. ఎగరగలవాడు కాబట్టి నోటీసు ఏకపాదం గారు పట్టుకెళ్ళి మబ్బుకి అందించాలి. ఆయన సరేనని ఎగిరారు. పక్క అడవిలో దిగారు. మళ్ళీ రాలేదు.

నోటీసు మాత్రం ఇంకా రాయలేదు. శూలపాణికి ముళ్ళు మొలవాలి.

తవిటమ్మ మీద కేసు అలాగే ఉంది. ఆమె మాత్రం పిల్లల్ని తీసుకుని గుట్ట మీద, కాలువకి అందనంత ఎత్తున, కొత్త బొరియ తవ్వుకుంది. మట్టి ఎక్కడ పోసిందో ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పదు.

నీతి: కాలువ శుభ్రంగా ఉండాలంటే వాన పడకుండా చూసుకోవాలి.

ఇది సంఘం వారి నీతి. తవిటమ్మ దాన్ని వినలేదు. అప్పుడు మళ్ళీ ఉరిమింది. ఆమె పిల్లల్ని లెక్కపెట్టుకుంటోంది.

గింజ. నూక. పొట్టు. చిట్టు.

ఊక.